కంప్రెసర్ చిన్నదైనా సరే, వైరు లావుగా ఉండాలి

హైదరాబాద్‌లో థార్ రాక్సో జిమ్నీయో కొన్నవాళ్లు రాళ్లలో, ఇసుకలో నడపడానికి దించిన టైరు గాలిని మళ్లీ ఎక్కించేందుకు బండిలోనే బిగించుకునే ఎయిర్ కంప్రెసర్ గురించి అడిగితే ఈ మధ్య ముందుగా వినబడుతున్న సలహా ఒకటే: "వేస్తే జంట సిలిండర్‌ది వేయి, లేకపోతే డబ్బు దండగ." ఈ మాట చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ కంప్రెసర్‌కు కరెంటు ఏ వైరులో రావాలో, గాలి ఏ గొట్టంలో పోవాలో చెప్పరు. అది ఫిట్టర్ చూసుకుంటాడని వదిలేస్తారు. చెడిపోయేది మాత్రం దాదాపు ప్రతిసారీ అక్కడే.

నా అభిప్రాయం దీనికి ఎదురుగా ఉంది. ఆదివారం పూట అనంతగిరి చుట్టుపక్కల రాళ్ల దారుల్లో, తాండూరు వైపు నల్లరేగడిలో, మంజీర ఒడ్డు ఇసుకలో తిరిగే బండికి ఒంటి సిలిండర్ కంప్రెసర్ చాలు. గాలి నిల్వ చేసే ట్యాంకు అక్కర్లేదు. అలా మిగిలిన డబ్బు వైరుకు, లగ్గులకు (వైరు కొసన బోల్టు పట్టే లోహపు ముక్కలు), ఫ్యూజు హోల్డరుకు, మొదటి అరమీటరు గొట్టానికి పెట్టాలి.

అసలు బిగించడం ఎందుకు

ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి, ఎందుకంటే ఇది గట్టి అనుమానమే. బ్యాటరీకి క్లిప్పులు తగిలించి వాడుకునే పోర్టబుల్ కంప్రెసర్‌లో ఉండే పంపు కూడా చాలావరకు ఇలాంటిదే. అది ఈ బండి నుంచి ఆ బండికి మారుతుంది, ఇంజిన్ వేడిలో ఉడకదు, ఎక్కడా రంధ్రం వేయనక్కర్లేదు, వారంటీ గురించి సర్వీసు సెంటర్‌లో వాదించనక్కర్లేదు. బండి రెండు మూడేళ్లకు మార్చేసే అలవాటున్నవాళ్లకు అదే మంచిదని నేను కూడా అంటాను. (సిగరెట్ సాకెట్‌కు గుచ్చేవి వేరే సంగతి. ఆ సాకెట్ ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది. అంటే ఎంత లాగినా 180 వాట్లు దాటదు. పెద్ద టైర్లకు అది సరిపోదు.)

అయినా బిగించడమే మేలనడానికి నాకు కనబడే కారణం గాలి వేగం కాదు, మనిషి బద్ధకం. టైరులో గాలి దించడానికి ఎవరూ వెనకాడరు. మళ్లీ ఎక్కించాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. పోర్టబుల్ పెట్టె డిక్కీలో చాపల కింద, నీళ్ల క్యాన్ల వెనక ఉంటుంది. సామానంతా దించాలని గుర్తొచ్చేసరికి "ఈ కాస్త దారికి గాలి దించడమెందుకు" అనిపిస్తుంది. 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తోనే రాళ్లలోకి దిగుతారు. బిగుసుకున్న టైరు రాయిని పట్టుకోదు. చక్రం ఊరికే తిరుగుతుంది, యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు, అంచుగా ఉన్న గ్రానైటు రాయి మీదికి బండి ఒక్కసారిగా ఎగిరిపడి సైడ్‌వాల్ చీలుతుంది. అదే టైరు 18-20 పీఎస్‌ఐ మీద ఉంటే రాయి చుట్టూ ఒదిగి మెల్లగా ఎక్కేది.

రెండో తప్పు సాయంత్రం జరుగుతుంది. దారి అయిపోతుంది, టైర్లలో 16 పీఎస్‌ఐ ఉంటుంది, "వికారాబాద్ బంకులో కొట్టిద్దాం" అంటారు. బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది గానీ, చీకటి పడ్డాక మిషన్ దగ్గర మనిషి ఉండడం మన అదృష్టం. ఈలోగా 25 కిలోమీటర్లు తారు రోడ్డు మీద 70-80 వేగంతో వచ్చేస్తారు. గాలి తక్కువున్న టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడుతూ లోపల వేడెక్కుతుంది. ఆ రోజు ఏమీ కాదు. రెండు నెలల తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద పగిలితే దాన్ని ఈ సాయంత్రంతో ఎవరూ ముడిపెట్టరు. బానెట్ ఎత్తి గొట్టం తగిలించి స్విచ్ నొక్కితే చాలన్నప్పుడు ఈ రెండు తప్పులూ తగ్గుతాయి.

జంట సిలిండర్ లెక్క

థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు లోపలి ఖాళీ సుమారు 60 లీటర్లు. 18 నుంచి 32 పీఎస్‌ఐకి తేవాలంటే 14 పీఎస్‌ఐ ఎక్కించాలి, అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం. కాబట్టి ఒక్కో టైరుకు బయటి గాలి 60 లీటర్లు కావాలి, నాలుగింటికి 240. మంచి ఒంటి సిలిండర్ పంపు, ఎదురు ఒత్తిడి 30 పీఎస్‌ఐ దగ్గర ఉన్నప్పుడు కూడా నిమిషానికి 40 లీటర్లు ఇస్తుంది. టైరుకు నిమిషంన్నర, మొత్తం 6 నిమిషాలు. జంట సిలిండర్ 130 లీటర్ల దాకా ఇస్తుంది, అంటే లెక్క ప్రకారం 2 నిమిషాలు. కానీ చక్రం నుంచి చక్రానికి నడవడం, క్యాపు తీయడం, నాజిల్ తగిలించడం, ఆపి కొలవడం రెండింటికీ ఒకటే. చివరికి మిగిలేది 4 నిమిషాలు.

ఆ 4 నిమిషాల కోసం కరెంటు 20 ఆంపియర్ల దగ్గర నుంచి 60-70కి పోతుంది. వైరు మందం, ఫ్యూజులు, రిలే (సన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), పంపును కూర్చోబెట్టే పట్టీ, బరువు అన్నీ దాంతో పెరుగుతాయి.

డబ్బాల మీద రాసిన లీటర్లు చూసి పోల్చేవాళ్లకు ఒక మాట. ఆ అంకె చాలాసార్లు ఎదురు ఒత్తిడి సున్నా ఉన్నప్పటిది, అంటే గొట్టం గాలిలోకి వదిలినప్పటిది. 30 పీఎస్‌ఐ దగ్గర ఎంత అన్న అంకె ఇవ్వని కంప్రెసర్‌ను కొనకపోవడమే మంచిది.

జంట సిలిండర్‌కు న్యాయం చేయాలంటే, అది నిజంగా కావాల్సినవాళ్లు ఉన్నారు. గుంపును నడిపించే బండి, తన నాలుగు టైర్లయ్యాక వెనక వచ్చే నలుగురి పదహారు టైర్లకూ గాలి ఇవ్వాల్సినది. 33 అంగుళాల టైర్లు వేసుకున్నది. వీటిలో ఒంటి సిలిండర్ పంపు మధ్యలో ఆగి చల్లబడాలి, ఎందుకంటే ఈ రకానివి ఎక్కువగా 50 శాతం డ్యూటీకే తయారవుతాయి. అరగంట నడిస్తే అరగంట విశ్రాంతి అన్నమాట. అలాంటివాళ్లు జంటదే వేసుకోవాలి, కానీ దానికి తగ్గ వైరుతో.

ట్యాంకు గురించి ఇంకా తక్కువ మాటల్లో చెప్పొచ్చు. 4 లీటర్ల ట్యాంకును 150 పీఎస్‌ఐ దాకా నింపినా, 30కి దిగేలోపు ఇచ్చేది 33 లీటర్ల గాలి. అంటే సగం టైరు. దాని కోసం చట్రం కింద రాళ్లు తగిలే చోట ఒక డబ్బా, లోపల చేరే నీళ్లు, నెలనెలా డ్రెయిన్ విప్పడం. గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకర్ (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది) ఉంటే వాదన మారుతుందంటారు. అయితే థార్‌కు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్, గూర్ఖాకు ముందు వెనక లాకులు కంపెనీ నుంచే దొరుకుతున్నప్పుడు మన దగ్గర గాలి లాకర్ దాకా పోయేవాళ్లు ఎంతమంది?

కరెంటు దారి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. డీసీ మోటారు వేగం దానికి అందే వోల్టేజిని బట్టి ఉంటుంది, అది లాగే కరెంటు మాత్రం తోయాల్సిన ఒత్తిడిని బట్టి ఉంటుంది. వైరులో వోల్టు పోయిందంటే మోటారు నెమ్మదిస్తుంది గానీ ఆంపియర్లు పెద్దగా తగ్గవు. అంటే అదే వేడి పుడుతూ తక్కువ గాలి వస్తుంది, ఎక్కువసేపు నడవాలి, ఇంకా వేడెక్కుతుంది. "కంప్రెసర్ వీక్ అయింది" అని తెచ్చే బండ్లలో చాలా వాటికి జబ్బు కంప్రెసర్‌లో ఉండదు.

లెక్క చిన్నదే. రాగి తీగకు మీటరు పొడవు, 1 స్క్వేర్ ఎంఎం మందానికి నిరోధం 0.0175 ఓంలు. పోయే దారి 3 మీటర్లు, తిరిగి వచ్చే దారి 3 మీటర్లు అనుకుందాం. ఫిట్టర్ దగ్గర సిద్ధంగా ఉండే 2.5 స్క్వేర్ ఎంఎం వైరులో 20 ఆంపియర్లు పోతే 0.84 వోల్టులు వైరులోనే పోతాయి. ఫ్యూజు హోల్డరు, రిలే, లగ్గులు కలిపితే వోల్టు దాటుతుంది. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.35కి దిగుతుంది. ఒంటి సిలిండర్‌కు నేను దీనికన్నా సన్నది ఒప్పుకోను. అదే 6 స్క్వేర్ ఎంఎం వైరును జంట సిలిండర్‌కు వేస్తే, పోనూ రానూ కలిపి 4 మీటర్ల దారిలోనే, 65 ఆంపియర్ల దగ్గర దాదాపు 50 వాట్లు వేడిగా మారతాయి. బానెట్ కింద, ప్లాస్టిక్ గొట్టంలో మూసిపెట్టి! దానికి కనీసం 16 కావాలి. పంపు వెనక డిక్కీలో పెట్టాలంటే 25.

ఏ వైరు అన్నది కూడా ముఖ్యమే. ట్రూప్ బజార్‌లో దొరికే ఇంటి వైరు రాగి మంచిదే, కానీ మామూలు రకాల తొడుగు 70 డిగ్రీలకే రేటింగు ఉన్నది. మే నెలలో ట్రాఫిక్‌లో నిలబడ్డ డీజిల్ బండి బానెట్ కింద అది ఎంతో దూరం కాదు. కనీసం 105 డిగ్రీల ఆటోమోటివ్ వైరు అడగండి. కారు ఆంప్లిఫయర్ కిట్లలో లావుగా, చవకగా వచ్చే కేబుల్ చాలాసార్లు రాగి పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక తీగ గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. దాని నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, క్రింపు కింద, అంటే లగ్గు నొక్కిన చోట, కాలక్రమంలో వదులవుతుంది.

ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది కంప్రెసర్‌ను కాదు, వైరును. వైరు అటు చివర ఫ్యూజు పెట్టి, మధ్యలో రెండు మీటర్లు రక్షణ లేకుండా బానెట్ అంచు వెంట లాగిన బండ్లు ఉన్నాయి. ఎక్కడో ఒరుసుకుని తొడుగు పోయిందంటే అది నేరుగా బ్యాటరీ షార్టు. ఒంటి సిలిండర్‌కు 30 ఆంపియర్లు, జంటకు తయారీదారు చెప్పినట్టు రెండు 40లు.

ఎక్కువగా కాలిపోయేది ఫ్యూజు కాదు, హోల్డరు. "ఫ్యూజు బాగానే ఉంది సార్, ప్లాస్టిక్ కరిగింది" అని ఆశ్చర్యపోతారు. వదులు పట్టీ దగ్గర 0.02 ఓం నిరోధం ఉన్నా 20 ఆంపియర్లకు 8 వాట్లు పుడుతుంది. గోరంత ప్లాస్టిక్‌కు అది చాలా వేడి. ఫ్యూజు పోవాలంటే కరెంటు పెరగాలి. ఇక్కడ పెరిగేది వేడి మాత్రమే. అందుకే వైరుతో సహా వచ్చే సన్న హోల్డర్లు వద్దు. మ్యాక్సీ ఫ్యూజు హోల్డరు, నీరు చొరని మూతతో, లగ్గు బోల్టుతో బిగించేది వేయాలి.

లగ్గుల్ని ప్లయర్‌తో చితక్కొట్టడం, పైన సోల్డర్ పోయడం మన దగ్గర ఇంకా పోలేదు. సోల్డర్ తీగల్లోకి పాకిన చోట వైరు గట్టిపడి, అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఎర్త్ వైరు కూడా పాజిటివ్ అంత లావే. అది ఎక్కే చోట రంగు గీకి, బోల్టు బిగించాక గ్రీజో రంగో పూయాలి. బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద చిన్న సెన్సార్ ఉన్న బండ్లలో ఎర్త్‌ను పోస్టుకు కాకుండా బాడీకే ఇవ్వాలి, లేదంటే బండి ఖర్చయ్యే కరెంటును తప్పుగా లెక్కేస్తుంది.

రిలే విషయానికొస్తే, దాని కాళ్ల దగ్గర రాసుండే నంబర్ల ప్రకారం: 30కి ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ పాజిటివ్, 87 నుంచి కంప్రెసర్‌కు, 86కి స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు, 85 ఎర్త్. లోపల డయోడు ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకూడదు. ప్రెషర్ స్విచ్ (ఒత్తిడి నిండగానే పంపును ఆపేది) ఉండాల్సింది 86కి పోయే ఆ సన్న వైరు మధ్యలో. దాన్ని పెద్ద కరెంటు దారిలో పెడితే కొన్నాళ్లకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, 150 దగ్గర ఆగాల్సిన పంపు ఆగదు. అందుకే ట్యాంకు లేకపోయినా మానిఫోల్డ్ (పంపు నుంచి గాలి బయటికి వచ్చే దిమ్మె) మీద 175 పీఎస్‌ఐ సేఫ్టీ వాల్వు ఉండాలంటాను.

86కి వచ్చే కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే రావాలి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చి స్విచ్ ఆన్‌లో మరిచిపోతే, ఎక్కడో సన్నగా గాలి కారుతుంది, ఒత్తిడి 135కి పడినప్పుడల్లా అర్ధరాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పంపు తనంతట తానే నడుస్తుంది. తెల్లారేసరికి బ్యాటరీ పోతుంది. ఆ ఇగ్నిషన్ కరెంటు కూడా ఫ్యూజు బాక్సు నుంచి ఫ్యూజు ట్యాప్‌తో తీసుకోవాలి. ఫాగ్ ల్యాంపు వైరు గీకి చుట్టడం కాదు. రిలే కాయిల్‌కు కావాల్సింది 0.2 ఆంపియరు లోపే. కంపెనీ వైరింగు హార్నెస్ మీద కత్తి పడితేనే వారంటీ గొడవ మొదలవుతుంది. సెల్లార్ అన్నాను కాబట్టి, ఎలుకలు కొరక్కుండా వైరు మొత్తం కారుగేటెడ్ గొట్టంలో పోవాలి.

రాణీగంజ్‌లో జరిగే పొరపాటు

గాలి వైపు లోపం ఎక్కువగా ఒక్క మర (ఫిట్టింగు మీది చుట్లు) దగ్గరే. బయటి దేశాల నుంచి వచ్చే చాలా కంప్రెసర్లకు, వాటి మానిఫోల్డులకు పావు అంగుళం ఎన్‌పీటీ (అమెరికా పద్ధతి) మర ఉంటుంది: అంగుళానికి 18 చుట్లు, 60 డిగ్రీల కోణం. రాణీగంజ్ షాపులో "పావించి నిపుల్" అంటే చేతిలో పెట్టేది బీఎస్‌పీ (బ్రిటిష్ పద్ధతి): 19 చుట్లు, 55 డిగ్రీలు. రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి మరలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా కారుతుంది. ఇంకా బిగిస్తే అల్యూమినియం మానిఫోల్డ్ పగులుతుంది. షాపుకు పోయేటప్పుడు పాత ఫిట్టింగు చేతిలో తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి మరలు కలుస్తున్నాయా చూడండి. ఎన్‌పీటీ దొరక్కపోతే బాలానగర్ లేత్ మీద ఇత్తడి అడాప్టర్ చేయించుకోవచ్చు. టేపు చుట్టేటప్పుడు మొదటి చుట్టు వదిలేయండి, ముక్క లోపలికి పోతే వాల్వులో ఇరుక్కుంటుంది.

రెండోది గొట్టం. పంపు తలలోంచి వచ్చే గాలి 100 డిగ్రీలు దాటి ఉంటుంది. మొదటి అరమీటరు స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టమే ఉండాలి. నీలం రంగు పీయూ ట్యూబు చవక, పుష్ ఫిట్టింగులో టక్కున దిగుతుంది, కానీ అది మామూలుగా 20 డిగ్రీల దగ్గర 10 బార్‌కు రేటింగు, అంటే 145 పీఎస్‌ఐ. మన పంపు ఆగేది 150 దగ్గర. వేడెక్కితే ఆ రేటింగు ఇంకా పడిపోతుంది. బానెట్ కింద దానికి చోటు లేదు. వెనక బంపరు దగ్గర కూడా అవుట్‌లెట్ కావాలంటే 20 బార్ రబ్బరు గొట్టం చట్రం లోపలి వైపుగా, సైలెన్సర్‌కు ఎదురు పక్కన లాగండి.

ఎక్కడ కూర్చోబెట్టాలి

బ్యాటరీ పక్కన, టర్బోకు దూరంగా, 3-4 ఎంఎం ఇనుప పట్టీ మీద, రబ్బరు బుష్‌లతో. ఫిల్టర్ ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. వాగు దాటేటప్పుడే కాదు, వాషింగ్ సెంటర్‌లో బానెట్ ఎత్తి ప్రెషర్ గన్ కొట్టినప్పుడు కూడా దానిలోకి నీళ్లు పోతాయి. చాలా పంపులకు ఫిల్టర్‌ను ఒక గొట్టంతో దూరంగా పెట్టే వీలుంది, దాన్ని వాడుకోండి.

జిమ్నీలో బానెట్ కింద చోటు తక్కువ కాబట్టి సీటు కింద పెట్టే పద్ధతి ఒకటుంది. దీని మీద నేను ఇంకా పూర్తిగా ఒక నిర్ణయానికి రాలేదు. నీళ్లు, దుమ్ము, ఇంజిన్ వేడి తప్పుతాయి. కానీ వైరు పొడవవుతుంది, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌కు గ్రొమెట్‌తో (రబ్బరు రింగు) దారి చేయాలి, కార్పెట్ మధ్య పంపు తన వేడిలో తానే ఉడుకుతుంది. ప్రస్తుతానికి నా మొగ్గు, చోటు చిక్కితే, బానెట్ వైపే.

మన ఎండలో ఇంకో సంగతి. నాలుగో టైరు దగ్గర పంపు ఆగిపోతే వెంటనే ఫ్యూజు విప్పకండి. చాలా మటుకు లోపలి థర్మల్ కటాఫ్ పడి ఉంటుంది, చల్లబడితే మళ్లీ వస్తుంది. గాలి కొట్టేంతసేపూ బానెట్ ఎత్తి ఉంచి, ఇంజిన్ నడుస్తూ ఉంచాలి. ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తున్నప్పుడు పంపు చేసే పని, ఆగిన ఇంజిన్ మీద 12.2 వోల్టులతో చేయదు. కొలిచేటప్పుడు గాలి ఆపి కొలవాలి. పంపు నడుస్తుండగా గొట్టం మీది గేజు టైరులో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

డబ్బు ఇచ్చే ముందు

ఫిట్టర్ ముందే ఇవి చేయించండి. ఇంజిన్ ఆన్ చేసి, ఒక టైరుకు గాలి పోతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ పోస్టుల దగ్గర, తర్వాత కంప్రెసర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజి చూడండి. అయిదు నిమిషాలు నడిచాక ఫ్యూజు హోల్డరు మీద, రిలే మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు నిలవకపోతే అది వదులు కనెక్షనే. గాలి నిండి పంపు ఆగాక ప్రతి జాయింటుకూ సర్ఫు నీళ్లు పూయండి, అరగంట వదిలి గేజు చూడండి. మొదటి రాళ్ల ప్రయాణం తర్వాత పట్టీ బోల్టులు, లగ్గులు ఇంకోసారి బిగించాల్సి వస్తుంది, అది ముందే మాట్లాడుకోండి. రెండు వోల్టేజిలకూ తేడా అర వోల్టు దాటిందంటే, మిగతావన్నీ బాగున్నా సరే, లగ్గులు మళ్లీ నొక్కించి వైరు మార్పించాకే డబ్బు ఇవ్వండి.